డయాలసిస్ రోజుల హాజరు

మా పట్టాభిరామయ్య మాస్టారికి లెక్కలు వచ్చు, లౌక్యం రాదు. పూండి దగ్గర ఓ పల్లెలో, ఒకే గది, ఒకే టీచరు ఉన్న బడిని పదకొండేళ్ళు నెట్టుకొచ్చారు. పక్క ఊరి బడిలో పనిచేసే నేను ఆయనతో పోట్లాడీ పోట్లాడీ అలిసిపోయాను.

ఆ ఊళ్ళో కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాలి. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీకి పోతే, డయాలసిస్‌కి తండ్రి వెంట పలాస వెళ్ళేది పిల్లలే. బడిలో ఇరవైమూడు మంది ఉంటే, ఆరుగురికి వారంలో మూడు రోజులు అదే పని. మాస్టారు పొద్దున్నే ఫోనులో వాళ్ళకీ హాజరు వేసేసి, సాయంత్రం వాళ్ళు ఆటో దిగాక కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు. తప్పే. అంత న్యాయమైన తప్పు నేనింకెక్కడా చూడలేదు.

నిరుడు యూనివర్సిటీ నుంచి కృష్ణప్రియ అనే అమ్మాయి వచ్చింది. సర్కారు బడులకిచ్చే డబ్బు న్యాయంగా అందుతోందా అన్నది ఆమె పరిశోధన. ఈ బడికి ఏం అవసరమని అడిగింది. పదకొండేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. మాస్టారు కరిగిపోయి, ఆరుగురి సంగతీ, తను వేసే హాజరు సంగతీ అంతా చెప్పేశారు. రెండో టీచర్నిస్తారని ఆశ.

"అన్నీ చెప్పేశారేటండీ?" అని నేను మండిపడ్డాను.

"అడగందే అమ్మయినా పెట్టదోయ్" అన్నారు.

ఆ అమ్మాయి రాసింది మంచిగానే. జబ్బు ఊళ్ళ బడులకి ఎక్కువ ఇవ్వాలనే రాసింది. పైవాళ్ళు అంతా చదివితేగా? వాళ్ళ కంట పడింది ఒకటే, ఇరవైమూడుకి నిజంగా వచ్చేది పదిహేడు. ఇరవైకి తగ్గితే పెద్ద బడిలో కలిపెయ్యడం వాళ్ళ పద్ధతి. ఆ బడి రైలు పట్టాల అవతల, నాలుగు కిలోమీటర్లు. మాస్టారు అర్జీ పట్టుకుని టెక్కలి ఆఫీసు చుట్టూ తిరిగారు. "హాజరు దొంగదని మీరే చెప్పారు కదండీ" అని పంపేశారు. పైగా ఆయన్ని ఎక్కడో జలంత్రకోట వైపు బదిలీ చేశారు.

బడి మూసే రోజు నేనూ వెళ్ళాను. సూరమ్మ తన కూతురు తనూజని వెంటబెట్టుకొచ్చింది. ఆ ఆరుగురిలో తనూజ ఒకతె. వాళ్ళాయన కూర్మయ్య రెండేళ్ళుగా డయాలసిస్ మీదే ఉన్నాడు.

"పాపనింక మానిపించేత్తన్నాం బాబూ. అంత దూరం ఎల్లి, వారంలో మూడు రోజులు రాకపోతే ఆ బళ్ళో ఎవులుంచుతారు? ఆయన్ని ఒక్కడ్నీ పంపనేను, మొన్న ఆటోలోనే పడిపోనాడు" అంది సూరమ్మ. మళ్ళీ, "ఆయమ్మకెందుకు సెప్పీసినారు బాబూ? మాం సెప్పమన్నేదు కదా" అంది.

మాస్టారు తల వంచుకున్నారు.

తనూజ ఆయన దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "మాస్టారూ, నాన్న సచ్చిపోతే నన్ను ఆ బళ్ళోకి రానిత్తారా?"

సూరమ్మ పిల్లని కొట్టలేదు. కొట్టినా బాగుండేది.