మగ్రిబ్‌లోపు ఒక్క బంతి

మా యూనివర్సిటీ అమ్మాయిల క్యాంపస్‌లో డిపార్టుమెంట్ల మధ్య ఫుట్‌బాల్ పోటీలు అక్టోబర్‌లో మొదలవుతాయి. అప్పటికి ఈ సౌదీలో, మా దమ్మామ్‌లో, ఎండ కాస్త దారికొస్తుంది. ప్రతి మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు మ్యాచ్ అని నోటీసు అంటించారు. ఆ నోటీసును నమ్మి నాలుగున్నరకు మైదానంలో నిలబడింది నేనొక్కదాన్నే. పావుగంట తర్వాత రిఫరీ వచ్చింది, చేతిలో కాఫీ కప్పుతో. ఆ వెనకాల మా కెప్టెన్, ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతూ. ఒకమ్మాయి బూట్లు మర్చిపోయానని మళ్లీ లాకర్ల దాకా వెళ్లింది. ఐదింటికి గానీ ఈల మోగలేదు. "నాలుగున్నర అన్నారు కదా?" అని కెప్టెన్‌ని అడిగితే, "నాలుగున్నరే కదా, ఇన్షా అల్లా," అంది, తప్పంతా నాదైనట్టు.

నేను గోల్‌కీపర్ ఎలా అయ్యానో కూడా చెప్పాలి. నాకు ఫుట్‌బాల్ రాదు. గుంటూరు వైపు మా ఇంట్లో ఆటంటే క్రికెట్, అదీ టీవీలో. నాన్న ఇంజనీరు ఉద్యోగం మీద మమ్మల్ని ఇక్కడికి తెచ్చినప్పుడు నాకు ఆరేళ్లు. అప్పటినుంచీ నేను చేసిన వ్యాయామమల్లా మాల్‌లో అమ్మ వెనకాల నడవడమే. కానీ జట్టుకు ఏడుగురు కావాలి, మా సివిల్ డిపార్టుమెంట్‌లో ఆరుగురే దొరికారు. నేను పొడుగ్గా ఉన్నాను. అంతే, తీసుకెళ్లి రెండు స్తంభాల మధ్య నిలబెట్టారు. "నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు, నిలబడు చాలు," అంది కెప్టెన్. మొదటి మ్యాచ్‌లో ఆవిడ చెప్పినట్టే నిలబడ్డాను. మొదటి సగంలోనే మూడు గోల్స్ నా పక్కనుంచి వెళ్లాయి. అప్పుడు మాత్రం "ఏంటలా నిలబడతావు?" అని అరిచింది.

పొద్దుగూకగానే మగ్రిబ్ నమాజుకు అజాన్ వినపడుతుంది, ఆట ఆగిపోతుంది. అందరూ నమాజుకు వెళతారు. మిగిలేది నేను. నేను మిగులుతాను కాబట్టి అందరి బ్యాగులూ, పైన వేసుకునే అబాయాలూ, ఫోన్లూ నా దగ్గరే. ఒక్కోసారి నన్ను జట్టులోకి తీసుకున్నది గోల్ కాయడానికా బ్యాగులు కాయడానికా అని అనుమానం వచ్చి ఒళ్లు మండేది.

ఆ మొదటి మంగళవారం అలా బ్యాగుల మధ్య మూతి ముడుచుకుని కూర్చుంటే వెనకనుంచి తెలుగు వినపడింది.

"ఏంటమ్మా, ఒక్కటీ పట్టవేంటి నువ్వు?"

తిరిగి చూస్తే క్యాంపస్ ఊడ్చే కంపెనీ చొక్కా వేసుకున్న ఒకావిడ, చేతిలో చీపురు. నలభై ఐదేళ్లుంటాయి. నేను అమ్మతో ఫోన్‌లో మాట్లాడటం విని తెలుగమ్మాయినని కనిపెట్టిందట. రాజోలు పక్క లంక ఊరు. వచ్చిన కొత్తల్లో నాలుగేళ్లు ఒక ఇంట్లో పనిచేసి, తర్వాత ఈ కంపెనీలోకి మారింది. మగ్రిబ్‌తో డ్యూటీ అయిపోతుంది. డ్రైవర్ నమాజు చేసుకొచ్చాక బస్సు కదులుతుంది. ఆ కాస్సేపూ ఖాళీ.

"ఆంటీ, అది అంత తేలిక కాదు," అన్నాను.

"ఆంటీ ఏంటమ్మా, పిన్నీ అను. తేలిక్కాపోవడానికి ఏముంది, అంత లావు బంతి! మా తోటల్లో కొబ్బరికాయలు పట్టేవోళ్లం. తప్పిపోతే కాలి మీద పడద్ది, వారం రోజులు మంచం. ఇది మెత్తగా ఉంది, పడినా ఏం గాదు. లెగు."

లేచాను. ఎందుకు లేచానో తెలీదు. చెట్ల మీంచి దింపు అయ్యాక కాయలు రాశి పోసేటప్పుడు ఆడవాళ్లంతా వరసగా నిలబడి ఒకరి నుంచి ఒకరికి విసురుకునేవారట. పిన్ని చిన్నప్పటినుంచీ ఆ వరసలో నిలబడింది. బంతి తీసుకుని పది అడుగుల దూరాన నిలబడి, చెప్పాపెట్టకుండా నా రొమ్ము మీదికి విసిరింది. వదిలేశాను.

"సేతులేం సూత్తావు? సేతులు ఎక్కడికీ పోవు. ఇసిరేవోళ్లని సూడు. మనిషి భుజం కదిలిందంటే కాయొచ్చేసినట్టే."

నమాజు నుంచి వాళ్లు తిరిగొచ్చేదాకా విసురుతూనే ఉంది. అరచేతులు మండిపోయాయి. తర్వాత పిన్ని బస్సుకు పరిగెత్తింది, రెండో సగం మొదలైంది, నేను రెండు బంతులు పట్టాను. నమ్మండి, పట్టాను. కెప్టెన్ కూడా వెనక్కి తిరిగి చూసింది.

పై వారం పిన్ని రాగానే చెప్పాను, "నువ్వెళ్లాక రెండు పట్టాను పిన్నీ!"

"అలాగా అమ్మా," అంది. చిన్నపిల్లలు సింహాన్ని చూశామని చెబితే పెద్దవాళ్లు అనేటట్టు.

అది మొదలు, ఆ మాట నన్ను కాల్చుకు తింది. ప్రతి మంగళవారం ఇదే వరస. మొదటి సగంలో నా చేతులు మొద్దుబారినట్టుంటాయి, గోల్స్ పడతాయి, పిన్ని అవన్నీ చూస్తుంది. విరామంలో బంతులు విసురుతుంది. చేతులు వేడెక్కుతాయి. పిన్ని బస్సెక్కుతుంది. అప్పుడు పడతాను. రెండో సగంలో నేను పట్టినందువల్లే మేము రెండు మ్యాచ్‌లు గెలిచాం. "పోయిన వారం మూడు పట్టాను పిన్నీ." "అలాగా అమ్మా." "ఒకటైతే పైకెగిరి పట్టాను!" "అలాగా అమ్మా, మంచిది." నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నదాన్ని. నా మాటకి ఆ మాత్రం విలువ లేదా?

పైగా ఆవిడ వాదన ఒకటి. మా డిఫెండర్ బంతిని నా వైపు వెనక్కి తంతే నేను కాలితో తన్నేదాన్ని. పిన్నికి అది అస్సలు మింగుడు పడలేదు.

"మీవోళ్లు మెత్తగా ఇత్తే పట్టుకోవేంటి?"

"పట్టకూడదు పిన్నీ. మన జట్టువాళ్లు కాలితో ఇచ్చింది కీపర్ చేత్తో పడితే తప్పు. ఎదుటివాళ్లకి ఫ్రీకిక్ ఇస్తారు."

"ఇదెక్కడి సోద్యం! మనోళ్లు ఇచ్చింది పట్టకూడదా, పగోళ్లు కొట్టింది పట్టాలా? మా తోటలో పగోళ్లు కాయలు ఇసిరితే పారిపోయేవోళ్లం."

నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ అదే మాట. తల ప్రాణం తోకకొచ్చి ఊరుకున్నాను.

వీటన్నిటి మీదా ఇంకో చిక్కు. ఇక్కడ శీతాకాలం దగ్గరపడే కొద్దీ సూర్యుడు తొందరపడతాడు. వారం వారం మగ్రిబ్ ఐదారు నిమిషాలు ముందుకొస్తుంది. మా జట్టు మాత్రం ఐదింటికే వస్తుంది. అక్టోబర్‌లో పిన్ని ఒక సగం ఆట చూసేది. నవంబర్ మొదటికి ఐదు నిమిషాలు కూడా లేదు. రెండో వారానికి మేం మైదానంలోకి దిగేసరికే అజాన్. ఆట మొదలు కాకుండానే విరామం! పిన్ని వచ్చి, బంతులు విసిరి, ఒక్క కిక్కు కూడా చూడకుండా బస్సెక్కి పోయింది. నోటీసు బోర్డు మీద మాత్రం నాలుగున్నర అలాగే ఉంది. టైమ్ మార్చమని స్పోర్ట్స్ ఆఫీసుకు వెళ్లి అడిగాను. "ఎవరూ ఇబ్బంది చెప్పలేదే?" అన్నారు. నేను చెబుతున్నాను కదండీ అన్నాను. "ఇంకెవరూ చెప్పలేదు," అన్నారు.

నెలాఖరు మంగళవారం సెమీఫైనల్. దానికి ముందు వారం పిన్ని బంతి విసురుతూ విసురుతూ మామూలుగా చెప్పింది.

"ఒకటో తారీకు నుంచి నన్ను నజ్రాన్ పంపిత్తన్నారమ్మా. అక్కడేదో ఆస్పత్రంట."

నజ్రాన్ ఎక్కడో యెమెన్ సరిహద్దు పక్క. "మరి వచ్చే వారం?" అన్నాను.

"వత్తాను. అదే ఆకరు. అప్పుడన్నా ఒకటి పట్టు, సూసి పోతాను."

ఆ మాటకి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సరే, పడతాను. ఈవిడ కళ్లముందు, మగ్రిబ్ లోపల, ఒక్కటంటే ఒక్కటి పట్టి చూపించాలి. ఫైనల్ సంగతి కెప్టెన్ చూసుకుంటుంది, నాకిది కావాలి.

దానికి ఆట టైముకు మొదలవ్వాలి. కాబట్టి అబద్ధమాడాను. మ్యాచ్‌ని నాలుగింటికి మార్చారని మా గ్రూపులో మెసేజ్ పెట్టాను. అవతలి ఫార్మసీ జట్టులో ఒకమ్మాయి నాతో లైబ్రరీకి వస్తుంది, ఆమెతో వాళ్లకీ చెప్పించాను. రిఫరీకి నేనే ఫోన్ చేశాను. అనుకున్నట్టే నాలుగింటికి ఎవరూ రాలేదు. నాలుగుంపావుకి ఇద్దరు వచ్చారు. నాలుగూ ఇరవై ఎనిమిదికి, దేవుడి దయవల్ల, పద్నాలుగు మందీ, రిఫరీ, రిఫరీ కాఫీ కప్పూ మైదానంలో ఉన్నాయి. నాలుగున్నరకు ఈల మోగింది. ఆ సీజన్ మొత్తంలో నోటీసు నిజమైంది ఆ ఒక్కరోజే. మగ్రిబ్ నాలుగూ నలభై ఎనిమిదికి. పద్దెనిమిది నిమిషాలు నా చేతిలో ఉన్నాయి.

పిన్ని బకెట్టు పక్కన పెట్టి నా గోల్ వెనకే నిలబడింది.

ఇక మా వాళ్లను ఏమనాలి? ఆ రోజే వాళ్లకు ఆట వచ్చింది. అన్ని వారాలూ దారి వదిలి నిలబడ్డ డిఫెండర్, సూడాన్ అమ్మాయి, ఆ రోజు గోడ కట్టేసింది. ఫార్మసీ వాళ్లు వస్తారు, ఈమె లాక్కుంటుంది, ముందుకు పంపిస్తుంది. బంతి నా వైపు రాదు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. నేను చేతులు రుద్దుకుంటూ గెంతుతున్నాను.

"ఏంటమ్మా, ఇయ్యాల సెలవా నీకు?" అంది పిన్ని వెనకనుంచి.

"బంతి రావాలి కదా పిన్నీ!"

"రానీవట్లేదుగా ఆ నల్లపిల్ల. నువ్వు చెప్పు దానికి."

ఏమని చెప్పను? దయచేసి చెడగొట్టు అనా? పద్నాలుగు నిమిషాలైంది. పదహారు. నా జీవితంలో నా జట్టు బాగా ఆడుతున్నందుకు పళ్లు నూరుకున్నది ఆ రోజే.

పదిహేడో నిమిషంలో ఫార్మసీ అమ్మాయిలిద్దరు ఒకేసారి మా డిఫెండర్ మీదికి వచ్చారు. ఆమె తిరిగి, బంతిని నా వైపు తన్నింది. అది గడ్డి మీద ఒక్క గెంతు గెంతి, సరిగ్గా నా రొమ్ము ఎత్తుకు లేచింది. ఆమె భుజం కదలడం చూశాను. అంతే నాకు గుర్తు. ఇన్ని వారాలుగా ఆ ఎత్తులో, ఆ వేగంతో, మనవాళ్లు విసిరిన బంతిని పట్టడం తప్ప నా చేతులు ఇంకేమీ నేర్చుకోలేదు. పట్టేశాయి. చక్కగా, చప్పుడు కాకుండా, కొబ్బరికాయ పట్టినట్టు పట్టేశాయి.

"పట్టేసింది! పట్టేసింది మా పిల్ల!" వెనకాల పిన్ని చప్పట్లు.

రిఫరీ ఈల. కెప్టెన్ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. సూడాన్ అమ్మాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. గోల్‌కు ఎనిమిది అడుగుల్లో ఫార్మసీ వాళ్లకు ఫ్రీకిక్. వాళ్లు బంతి సర్దుకుంటుండగానే మసీదులోంచి అజాన్ మొదలైంది. "నమాజు తర్వాత," అంది రిఫరీ, బంతిని అక్కడే గడ్డి మీద ఉంచి. "నీతో కూడా నమాజు తర్వాతే," అంది కెప్టెన్ నాతో.

మైదానం ఖాళీ అయింది. పిన్ని పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ అరచేతులు ఫినాయిల్ వాసన.

"సేతులు సూడలేదు నువ్వు. ఆ పిల్లనే సూసావు. నేను కనిపెట్టాను. నువ్వు పట్టానని సెప్పేవన్నీ గాలి కబుర్లేమో అనుకున్నానమ్మా, ఏమనుకోకు."

చెబుదామని నోరు తెరిచాను. ఇది పట్టకూడని బంతి పిన్నీ, నేను పట్టిన మంచివన్నీ నువ్వు బస్సులో ఉండగా పట్టాను, ఒక్కటీ చూడలేదు నువ్వు. అంత సంతోషంగా ఉన్న మొహం ముందు ఆ మాట రాలేదు. ఆ రోజు బంతులు విసురుకోలేదు కూడా, అది ఫ్రీకిక్ బంతి, ముట్టుకోకూడదు. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. ఆవిడ ఫోన్ నంబరు తీసుకున్నాను. బస్సు హారన్ వినపడితే "ఎల్తానమ్మా, గెలవండి," అని చీపురూ బకెట్టూ పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత చెప్పడానికేముంది? ఒకమ్మాయి పక్కకు తోసింది, రెండో అమ్మాయి కొట్టింది, ఎనిమిది అడుగుల నుంచి ఎవరు మాత్రం పడతారు. రెండో సగంలో నాలుగు పట్టాను, అందులో ఒకటి ఒంటిచేత్తో. లెక్కలోకి రాలేదు. ఒకటి-సున్నాతో ఓడిపోయాం. ఎందుకు పట్టావని కెప్టెన్ అడిగింది. ఆ రూల్ నీకు తెలీదా అంది. తెలుసు అన్నాను. మరి? మరి అంటే కొబ్బరితోట గురించి ఇంగ్లీషులో ఎక్కణ్నుంచి మొదలుపెట్టను?

రెండు వారాల తర్వాత నజ్రాన్ నుంచి పిన్ని వాయిస్ మెసేజ్. వెనకాల ఎవరో బకెట్లు లాగుతున్న చప్పుడు.

"అమ్మాయ్, బాగున్నావా. ఆ రోజు బస్సులో అందరికీ సెప్పాను మా పిల్ల పట్టిందని. సెప్పాక గుర్తొచ్చింది, ఆ నల్లపిల్ల మీ జట్టే గదా. మీవోళ్లిచ్చింది పట్టకూడదన్నావుగా నువ్వు. కొబ్బరికాయలని అదే పనిగా నేర్పించింది నేను. ఓడిపోయారేంటమ్మా, నా మూలాన?"

నాలుగుసార్లు చెబితే ఎక్కని రూల్, ఎక్కక్కర్లేని రోజున ఎక్కింది ఈవిడకి. ఎంత చిరాకేసిందంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మైకు బటన్ నొక్కి పట్టుకుని, గొంతు సవరించుకుని చెప్పాను.

"లేదు పిన్నీ, గెలిచాం."

నిమిషంలో జవాబొచ్చింది. రెండే మాటలు.

"అలాగా అమ్మా."