పొడుగు కుర్తీతో వెళ్ళి పొట్టి కుర్తీతో వచ్చాం

మాచర్ల నుంచి నరసరావుపేట వెళ్ళే ఆడవాళ్ళకి ముందుగా చెప్పేది ఒకటే, ఆధార్ కార్డు మర్చిపోవద్దు. కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి చేతిలో పెడతాడు. గురువారం పొద్దున ఆరున్నర బస్సులో మాకూ అలాగే పెట్టాడు, కాకపోతే నా కార్డు చూసి, నన్ను చూసి, మళ్ళీ కార్డు చూశాడు.

"అది నేనే నాయనా. అప్పుడు ఒళ్ళు తక్కువ, సిగ్గెక్కువ" అన్నా.

మేము అంటే నేనూ, మా అక్క కూతురు మౌనికా. నరసరావుపేటలో ఒక బట్టల షాపు వాళ్ళు ఫోన్లో వీడియోలు పెట్టి డ్రెస్సులు అమ్ముతారు. డ్రెస్సు వేసుకుని దాని సంగతి చెప్పే అమ్మాయి కావాలన్నారు. మౌనిక ఫోటో పంపింది, రమ్మన్నారు. ఇది కుదరకపోతే సోమవారం నుంచి గుంటూరులో బ్యాంకు కోచింగు, హాస్టలు. మా అక్క ఆ హాస్టలు వాళ్ళతో మాట్లాడి మంచం కూడా ఎంచి పెట్టింది. మౌనికకి లెక్కలంటే ఒంటి మీదికి జ్వరం వస్తుంది. అందుకని ఆ పిల్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వీడియోలో చెప్పాల్సిన మాటలు పెదాలు కదుపుతూ వల్లె వేసుకుంటా ఉంది.

అక్కకి పొలంలో పత్తి తీతలు. అందుకని నన్ను తోడు పంపింది. నాకు బట్టల పిచ్చి ఉందని, నోరు కూడా ఉందని, ఎనిమిదో తరగతిలోనే బడి మానేసిన దగ్గర్నుంచి ఖాళీగా ఉన్నానని ఆమె లెక్క.

మౌనిక వేసుకున్న డ్రెస్సు అక్క తన మిషను మీద స్వయంగా కుట్టింది. మా వైపు ఆడపిల్లకి బట్ట కుట్టేటప్పుడు ఒక పద్ధతుంది. పక్కల లోపల రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ వదలాలి, కింద మడత బెత్తెడు పెట్టాలి. పిల్లకి ఒళ్ళొస్తే, పొడుగొస్తే, విప్పుకుని మళ్ళీ వేసుకోవచ్చు. మౌనికకి ఇరవై రెండేళ్ళు. ఎత్తు ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ, పదో తరగతిలో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. అయినా మా అక్క ఆశ చావలేదు. ముదురాకుపచ్చ కుర్తీ భుజాలు జారుతూ, మోకాళ్ళు దాటి పిక్కల దాకా దిగింది. కింద అదే గుడ్డతో వెడల్పు పాంటు. "పొట్టి పిల్లకి పొడుగు డ్రెస్సయితే పొడుగ్గా కనపడుద్ది" అని దగ్గరుండి ఇంకో రెండంగుళాలు పెంచమన్నది నేనే. ఆ రెండంగుళాలు నా ఖాతాలో రాసుకోండి.

గురజాలలో ఒక పొడుగాటి అమ్మాయి ఎక్కి మా ముందు నిలబడింది. పిడుగురాళ్ళలో ల్యాబులో పని చేస్తుందట. నడుము కిందకి నాలుగు వేళ్ళు మాత్రమే వచ్చే కుర్తీ, కింద గంటలాగా ఊగే పాంటు. నా నోరు ఊరుకోదు కదా.

"ఏమ్మా, పైన గుడ్డ చాల్లేదా?"

"పైన మిగిలింది కింద వేశారులే పిన్నీ" అంది నవ్వుతా. "ఇప్పుడంతా ఇట్టానే. పైది వెడల్పైతే కిందది బిగువు, కిందది వెడల్పైతే పైది పొట్టి. రెండూ వెడల్పైతే మనిషి కనపడదు, మూట కనపడుద్ది."

మౌనిక నా వైపు తిరిగింది. "వారం నుంచి నేను చెప్తున్నది అదే పిన్నీ."

"నువ్వు చెప్పినప్పుడు పొట్టిగా వినపడింది" అన్నా. ఆ పిల్ల నవ్వలేదు. అప్పుడు తెలిసింది, భయపడతా ఉందని.

పిడుగురాళ్ళ స్టాండులో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. సున్నం దుమ్ముకి కాకులు కూడా పౌడరు రాసుకున్నట్టు ఉంటాయి అక్కడ. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీలో పచ్చిమిరపకాయలు లెక్క లేకుండా వేశారు. నేను రెండు ప్లేట్లు తిన్నా, మౌనిక ఒక ముక్క తుంచి మిగతాది నాకే ఇచ్చింది. నకరికల్లు దాటాక రోడ్డు బాగుంది, కునుకు తీయొచ్చు. తొమ్మిదిన్నరకి నరసరావుపేటలో దిగాం. బస్టాండు నుంచి షాపుకి షేర్ ఆటో దొరుకుతుంది.

షాపు మేడపైన వీడియో గది. గోడకి తెల్ల పరదా, గుండ్రటి దీపం, దానికి బిగించిన ఫోను. షాపు ఓనరమ్మ నలభై దాటిన మనిషి, మర్యాదస్తురాలు, మాకు టీ ఇప్పించింది. ఫోను పట్టేవాడు మౌనికని దీపం ముందు నిలబెట్టాడు. పిల్ల బాగానే మాట్లాడింది. కానీ మాట ఒకటే సరిపోదు కదా. ఫోన్లో చూస్తే ఆకుపచ్చ దిండు గలీబుకి తలకాయ మొలిచినట్టుంది. నాకే నవ్వొచ్చింది, మింగేశా.

ఓనరమ్మ మెల్లగా చెప్పింది. "పాప చక్కగా మాట్లాడిందమ్మా. కానీ పొట్టి. మా డ్రెస్సులు పాప మీద కంటికి ఆనవు. చూసేవాళ్ళు కొనరు."

మౌనిక మొహం పాలిపోయింది. నేను లేచి, "మధ్యాన్నం ఇంకొక్కసారి చూడండమ్మా, పాపని కాదు, డ్రెస్సుని మార్చుకొస్తాం" అన్నా. ఎందుకన్నానో నాకే తెలీదు. ఆమె గడియారం చూసుకుని, రెండింటికి రమ్మంది.

కింద మెట్లు దిగుతుంటే మౌనిక, "కొత్త డ్రెస్సు కొంటావా?" అంది.

"నా దగ్గరున్నది భోజనానికీ, నీకు ధైర్యం చెప్పడానికీ సరిపోద్ది."

"అయితే దీన్నే కుదించాలి."

సందులో చెట్టు నీడన మిషను పెట్టుకుని పాత బట్టలు సరిచేసే ఆయన కనపడ్డాడు. మౌనిక పక్క ఇంటామెని అడిగి, లోపలికెళ్ళి ఆమె నైటీ ఒకటి వేసుకొచ్చి కుర్తీ ఆయన చేతిలో పెట్టింది. నరసరావుపేటలో ఆడవాళ్ళు అడిగితే నైటీ ఇచ్చే రకం, రాసుకోండి. పక్కలు లోపలికి తియ్యాలి, పొడుగు తుంటి దగ్గర ఆగాలి అని వేలితో గీత గీసి చూపించింది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "పొడుగు కొయ్యమంటారా, లోపలికి మడవమంటారా?"

"మడువు" అన్నా నేను.

"కొయ్యండి" అంది మౌనిక.

"ఏమే, మీ అమ్మ కుట్టిన గుడ్డే అది! మడిస్తే మళ్ళీ విప్పుకోవచ్చు."

"విప్పి ఏం చేస్తావు పిన్నీ? అంత గుడ్డ లోపల మడిస్తే అంచు అట్ట లాగా నిలబడుద్ది, కదలదు. వీడియోలో అదే కనపడుద్ది." తర్వాత గొంతు తగ్గించింది. "నేనింక పొడుగు పెరగను. అమ్మకి చెప్పేవాళ్ళు లేరు. నువ్వన్నా ఒప్పుకో."

నేను ఆయన వైపు తిరిగా. "కొయ్యి నాయనా" అన్నా. కత్తెర పరపరా నడిచింది. మూరెడు గుడ్డ ఆయన కాళ్ళ దగ్గర పడింది, నేను దాన్ని తీసి సంచిలో పెట్టుకున్నా. కుట్టడం అయ్యేలోగా ఎదురుగా మెస్సులో భోజనం చేశాం. గోంగూర పచ్చడి అడిగితే రెండోసారి కూడా వేస్తారు. నైటీలో ఉన్నా మౌనిక ఈసారి కడుపు నిండా తింది.

నైటీ ఇచ్చేసి, రెండింటికి మళ్ళీ మేడ ఎక్కాం. పాంటు నాడా బొడ్డు మీదికి ఎక్కించి కట్టింది. పైన తుంటి దగ్గర ఆగిన కుర్తీ, కింద జారిపడే పాంటు, పైనా కిందా ఒకటే రంగు. చెప్పులు ఒంటి రంగువి. ఫోన్లో పిల్లకి కాళ్ళు ఎక్కణ్ణుంచో పుట్టుకొచ్చాయి. దీపం ముందు నిలబడి, వల్లె వేసిన మాటలు వదిలేసి ఇట్టా మొదలుపెట్టింది.

"ఐదడుగుల్లోపు ఉన్న అక్కలూ, వీడియో జరపొద్దు, ఇది మనకే. మనిషిని సగానికి సగం కొయ్యొద్దు. పైన ఒక వంతు, కింద రెండు వంతులు ఉండేట్టు చూసుకోండి. కుర్తీ చెయ్యి మోచేతికి కాస్త పైన ఆపండి. చీరైతే పెద్దంచు వద్దు, కుచ్చిళ్ళు సన్నగా పెట్టుకోండి. చున్నీ రెండు వైపులా పరిచారంటే అడ్డగోడ కట్టుకున్నట్టే, ఒక భుజాన నిలువుగా వదలండి. పొడుగు కుర్తీయే ఇష్టమా? పక్క చీలిక పైదాకా పెట్టించి, కింద సన్న పాంటు వెయ్యండి."

ఓనరమ్మ లేచి, అద్దం ముందుకెళ్ళి, తన కుర్తీని రెండు చేతులా పైకి ఎత్తి పట్టుకుంది. నేనప్పుడు చూశా, ఆమె కూడా మౌనికంతే ఉంది. ఇంతసేపూ కుర్చీలో కూర్చుని ఉండటంతో తెలీలేదు.

"నాది ఎక్కడ ఆపాలి పాపా?" అంది.

"ఇంకో నాలుగు వేళ్ళు పైకండీ."

ఆమె ఎత్తింది. అద్దంలో చూసుకుంది. వెనక్కి తిరక్కుండానే, "సోమవారం పది గంటలకి వచ్చెయ్యి. ఒక నెల చూద్దాం" అంది. మెట్ల మీద మౌనిక నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి విరిగింది.

నాలుగింటి బస్సుకి తిరుగు ప్రయాణం. కిటికీ లోంచి చూస్తే స్టాండులో అందరి డ్రెస్సులూ నాకు వంతులు వంతులుగా కనపడటం మొదలైంది. కాలేజీ పిల్లలు మగవాళ్ళ చొక్కాలంత వదులు చొక్కాలు వేసి ముందు భాగం మాత్రం పాంటులోకి దోపుకున్నారు, అది నడుము చూపించడానికని ఇప్పుడు అర్థమైంది. పొద్దున్నైతే తొందరలో మర్చిపోయారనుకునేదాన్ని. నరసరావుపేట వెళ్ళి బట్టలు కొనేవాళ్ళకి నా మాట ఇది: షాపు అద్దం ముందు నిలబడేటప్పుడు చెప్పులు విప్పకండి, మీ చెప్పులతోనే చూసుకోండి, మీ ఎత్తు మీరు ఒప్పుకుని కొనండి. మాకు ఒక పూట పట్టింది ఒప్పుకోవడానికి.

పిడుగురాళ్ళ దాటాక అక్క ఫోను చేసింది. స్పీకరు పెట్టా. ఉద్యోగం వచ్చిందన్నాం. కోచింగు సంగతి ఎత్తలేదు. ఫోటో పంపమంది, పంపాం.

"ఎంత కోశారు?" అంది.

మౌనిక నన్ను చూసింది. నేను కిటికీ చూశా. "మూరెడమ్మా" అంది పిల్ల.

"అంచు చేత్తో కుట్టారా, మిషను మీదా?"

"మిషను మీద."

"తెర మీద కుట్టు కనపడుద్ది కదే. ఇంటికి రా, విప్పి చేత్తో కుడతా" అని ఫోను పెట్టేసింది.