మగ్గం గుంత మీద పలకలు

మా చిన్నప్పుడు... తెల్లారకముందే వీధంతా గంజి వాసన. కడప జిల్లాలో మాది నేతగాళ్ళ వీధి. పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను, వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాల. ఎండెక్కితే దారం పెళుసై తెగుతుంది. అందుకే ఒక ఇంటి పడుగుకు నాలుగిళ్ళ మనుషులు సాయం వచ్చేవాళ్ళు.

ఆ పొద్దు మా పడుగు. అమ్మ, నాయన, అవ్వ, పదేళ్ళ నేను... పక్కింటి నారాయణప్ప కూడా వచ్చినాడు. ఆయన భార్య ఓబులమ్మత్త ఆలస్యంగా వచ్చింది, తలనిండా కొంగు కప్పుకొని. గాలికి కొంగు జారింది. చెవి కింద నల్లగా కమిలి ఉంది.

"ఏమైందే ఓబులమ్మా?" అనింది అమ్మ.

"మగ్గం గుంతలో పడినా వదినా."

నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టి నేసే మగ్గాలు మావి. నేను ఊరుకోలేదు. "మీ గుంత మీద చెక్కపలకలుండాయి కదత్తా! నూలు రాలేదని మూసినారు. నిన్న వాటి మీదనే కదా మనం అచ్చనగాయలు ఆడింది!"

కుంచెలు ఆగినాయి... నారాయణప్ప నవ్వినాడు. "బావా, నీ కూతురు వకీలయ్యేటట్టుండాదే!" అన్నాడు నాయనతో. అత్త మాత్రం నవ్వలేదు. జారిన కొంగును మళ్ళీ చెవి మీదికి లాక్కుంది.

మధ్యాహ్నం వాళ్ళింటి తలుపు మూసుకుంది. ఎండాకాలంలో పగలు తలుపేసుకునే ఇల్లు మా వీధిలో లేదు. అమ్మ గోడకు చెవి ఆనించి నిలబడింది. ఏదో దబ్బుమని పడింది.

అమ్మ పోయి తలుపు కొట్టింది. "ఓబులమ్మా, రెండు ఎర్రగడ్డలుంటే ఇయ్యమ్మా..."

మా ఇంట్లో బుట్టెడు ఎర్రగడ్డలున్నాయి. కాసేపటికి ఉప్పుకు పోయింది. ఇంకాసేపటికి చాటకు.

సాయంత్రం మా ఇంట్లో మాటలు జరిగినాయి. నా నోటి వల్లనే అత్తకు ఇంకో దెబ్బ పడిందని నాకు తెలిసిపోయింది. మూలకు కూర్చున్నా.

"మొగుడూ పెండ్లాల మధ్య మనమేంది? పెద్దమనుషులకు చెప్తే సర్దుకోమంటారు. ఇంటికి పోయినాంక వాడు ఇంకా కొడతాడు," అన్నాడు నాయన.

"గుంతలో పడితే మోకాలు పగుల్తాది గానీ చెవి కాదు. తెలిసీ తెలీనట్టు ఉండమంటావా?" అనింది అవ్వ.

చివరికి తీర్మానం ఇది... మరుసటి పొద్దు నుంచి అత్త మా ఇంట్లో కూర్చొని నూలు కండెలు చుట్టాల. రాత్రికి అవ్వ "ఉక్కపోస్తాంది" అని వాళ్ళ వసారాలో పడుకోవాల. పోలీసుల మాట ఎవరి నోటా రాలేదు.

అవ్వ అక్కడ పడుకున్నన్నాళ్ళూ చప్పుడు లేదు. వానలు మొదలై అవ్వ ఇంట్లోకి వచ్చేసింది... ఒక పొద్దు ఆ ఇంటికి తాళం. నెల తర్వాత నారాయణప్ప ఒక్కడే వచ్చి, "పుట్టింటికి పోయింది" అన్నాడు. ఆ పుట్టిల్లు యాడుందో మాలో ఒక్కరికీ తెలియదు. ఆ మాట నేను అప్పుడు నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను.

ఇప్పుడు గృహహింస చట్టం ఉంది. దెబ్బలు తిన్న మనిషే వచ్చి చెప్పాల్సిన పని లేదు. అనుమానం వచ్చిన పక్కింటివాళ్ళు కూడా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి మనసుతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. దెబ్బలు తిన్న ఆమెకు మొగుడింట్లోనే ఉండే హక్కు ఉంది. ఎవరిని కలవాలో తెలియకపోతే మీ గ్రామ సచివాలయంలో మహిళా పోలీసును అడగండి, అంగన్వాడీ టీచరమ్మను అడగండి. ఇదంతా నేను ఈ వయసులో పోయి కనుక్కున్నా... నలభై ఏళ్ళు ఆలస్యంగా.

రోజూ దేవుని ముందు అందరి పేర్లూ చెప్పుకుంటా. ఓబులమ్మత్త పేరు బతికున్నవాళ్ళలో చెప్పాల్నా, పోయినవాళ్ళలో చెప్పాల్నా... తెలియదు.

మీ చిన్నప్పుడు మీ వీధిలో ఇట్లా కనబడకుండా పోయిన మనిషి ఉంటే కింద రాయండి. ఇప్పుడు మీ పక్కింట్లోనే దెబ్బలు తింటున్న మనిషి ఉంటే మాత్రం ఇక్కడ రాయొద్దు... లేచి పోయి చెప్పండి.