ఎంతదూరం వినిపిస్తాది?

ప్రభుత్వ మత్స్యశాఖలో వైర్‌లెస్ సెట్లు బాగుచేయడం నా ఉద్యోగం. బాగుచేయడం ఒక పూట పని. కాలిపోయిన చిన్న భాగం కొనడానికి పైనుంచి అనుమతి రావాలంటే మాత్రం ఏళ్లు పడుతుంది. అనుమతులిచ్చేవాళ్లు ఎప్పుడూ పడవెక్కరు. అలా మా వర్క్‌షాపు బీరువాలో ఏళ్ల తరబడి పడివున్న ఒక సెట్టును చివరికి బాగుచేసి, ఒళ్లో పెట్టుకుని, పోయిన వానల్లో విజయనగరంలో పలాస పాసింజరెక్కాను.

చేపలమ్ముకుని ఖాళీ బుట్టతో తిరిగి వెళ్తున్న ఒకామె నా పక్కన కూర్చుంది.

"ఏటి బాబూ అది?"

సముద్రం మీదున్న పడవలవాళ్లతో ఒడ్డునుంచి మాట్లాడే పెట్టె అన్నాను. ఏ ఊరిదో కూడా చెప్పాను. ఆమె మొహం మారిపోయింది.

"అది మా ఊరే. తుపాను గాలేసిన్నాడు మా కుర్రోడు పడవలోంచి పిలిసి పిలిసి గొంతెండబెట్టుకున్నాడు. ఒడ్డున పెట్టీ లేదు, పలికినోడూ లేడు. ఎలాగో బతికొచ్చినాడు. ఈ సముద్రం మనకొద్దని గుజరాత్ బోట్ల మీదకి ఎల్లిపోనాడు. ఆడెనకాలే ఊళ్లో కుర్రోలందరూ ఎల్లిపోనారు."

కిటికీలోంచి జల్లు కొడుతుంటే, ఆమె తన బుట్ట మీది ప్లాస్టిక్ పట్టా తీసి సెట్టు మీద కప్పింది.

"ఇది ఎంతదూరం వినిపిస్తాది బాబూ? గుజరాత్ దాకా వినిపిస్తాదా?"

వినిపించదమ్మా అన్నాను.

ఆ సాయంత్రం వాళ్ల ఊరి ఒడ్డున సెట్టు బిగించి, మీట నొక్కి సముద్రం మీది పడవలను పిలిచాను. మళ్లీ పిలిచాను. హోరు తప్ప జవాబు లేదు. సెట్టులో లోపమేమీ లేదని రాసి సంతకం పెట్టాను.