కేక వింటే లేచే మనిషి

ఆవిరి ఇంజన్ డ్రైవరుని ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలు, చటుక్కున లేచి నిలబడతాడు. ఇంజన్ రొదలో కేకకే కదలడం అలవాటైన ఒళ్లు. అన్నం ముందునుంచి కూడా అలాగే లేస్తే, "ఇన్‌స్పెక్టరేం రాలేదు, కూర్చోండి" అని భార్య విసుక్కుంటుంది. నిప్పు సెగకి కనుబొమలు సగమే మిగిలాయి. పాలగ్లాసు వేడిని సైతం, ఇరుసు వేడి చూసినట్టు, చేతివెనకవైపుతోనే చూస్తాడు. మూలనపడ్డ పాత ఇంజన్‌ని బాగుచేసి ఆదివారాలు కరెంటు రైళ్ల దారిలో నడుపుదామనుకున్నప్పుడు, రైల్వేవాళ్లు రిటైరైన ఇతన్నే వెతుక్కుంటూ వచ్చారు. బొగ్గు వేసేది కూతురు. ఇంట్లో తండ్రి మాట వినని పిల్ల, పార పట్టాక మాత్రం అతని కనుసైగకే కదులుతుంది.

మొన్న ఆదివారం సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగింది. బొగ్గు వెనక్కి జారిపోయి పారకి అందడం లేదు. డ్రైవరు పాతరోజుల్లో లాగే వెనకున్న బొగ్గుపెట్టె మీదికి పాకి, మోకాళ్ల మీద వంగి తోయడం మొదలెట్టాడు. చేతులకి పాత పని గుర్తొచ్చింది గాని కరెంటు రైళ్ల కోసం పైన లాగిన కొత్త తీగ గుర్తు రాలేదు. నిలబడితే తల ఆనేంత దగ్గర్లో ఉంది కరెంటు. కూతురు చూసింది. నోటిదాకా వచ్చిన కేకని మింగేసింది. పెట్టె అంచుకి చేరి, అన్నానికి రమ్మన్నంత నెమ్మదిగా, "నాన్నా, వంగే ఉండు. అలాగే పాకుతూ వచ్చెయ్" అంది. వచ్చేశాడు. తలెత్తి తీగని చూశాడు.

"ఒక్క కేక వెయ్యొచ్చుగా" అన్నాడు.

"వేస్తే నువ్వు లేచి నిలబడతావుగా, నాన్నా."