దొంగ మడత

నిన్న మా మనవరాలు కొత్త చీర మీది ప్లాస్టిక్ కవరు చించగానే గంజి వాసన గుప్పుమంది. ఈ వయసులో నాకు చాలా వాసనలు అందడం లేదు గానీ, ఇది మాత్రం నన్ను నేరుగా పామర్రులోని శేషయ్యగారి బట్టల కొట్టుకు తీసుకుపోయింది. మేము ఆ పక్క పల్లెలో మగ్గం నేసేవాళ్లం. మా చీరలన్నీ ఆయనే కొనేవారు. ఆయన చేత్తో ఇచ్చిన చీరను ఎవరూ మడత విప్పి చూసుకునేవారు కాదు. అలా చూస్తే ఆయన్ని అవమానించినట్టు. "నా కొట్లో చీర విప్పే పని లేదమ్మా" అంటున్నప్పుడు ఆయన మొహంలో కనిపించే గర్వం నాకింకా గుర్తే.

అంతటి మనిషికి నాటకాల పిచ్చి ఉండేది. హాస్యం వేషాలు బాగా కట్టేవారు. యుద్ధం రోజుల్లో మద్రాసు నుంచి సినిమాకు పిలుపొచ్చింది. ఇద్దరు మోసగాళ్లు ఒక ఊళ్లో వైద్యులుగా, ఇంకో ఊళ్లో జమీందారు బంధువులుగా చెలామణి అయిపోతూ జనాన్ని బుట్టలో వేసుకునే కథ. అందులో రెండో మోసగాడు శేషయ్యగారు. బట్టల బేరంలో ఎలా ముంచుతారని డైరెక్టరు అడిగితే ఈయనే ఉత్సాహంగా చేసి చూపించారట. పైన రెండు మడతలు కొత్త చీర, లోపలంతా చిరుగుల పాత గుడ్డ. పామర్రు డేరా టాకీసులో ఆ సీను వచ్చినప్పుడు జనం పడీపడీ నవ్వారు. నేనైతే కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాను.

పది రోజులు తిరక్కుండానే వీరమ్మ అనే కూలిమనిషి కొట్టుకు వచ్చింది. నేసిన చీరలు ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. పురిటికొచ్చిన కూతురి కోసం సంతలో ఎవడి దగ్గరో చీర కొందట. బట్టకు కరువొచ్చిన రోజులవి. తెచ్చిన చీరను గుమ్మంలోనే పరిచి చూపించింది. రెండు మడతల కింద అంతా చీకిపోయిన గుడ్డే.

"సినిమాలో తమరు చేసిందే గదా బాబూ. అది చూసి నేనూ తెగ నవ్వాను. నాదాకా వచ్చేసరికి కనిపెట్టలేకపోయాను" అంది.

ఆమె తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవారేమో. నేను తెచ్చిన వాటిలోంచి మంచి చీర తీసి, మొత్తం విప్పి చూపించి ఆమెకు ఇచ్చేశారు. ఆమె వెళ్లాక గల్లాపెట్టె మీద చేతులు ఆనించి, నా వైపు చూడకుండానే అన్నారు.

"వాడికి ఆ విద్య నేర్పింది నేనే అమ్మాయ్."

"మీరు నేర్పకపోతే లోకంలో మోసాలు ఆగిపోతాయా బాబాయిగారూ?"

"ఆగవు. కానీ ఇది మాత్రం నాది."

మర్నాడు మా ఇంటికొచ్చి, మా ఆయన ఎదుటే నన్ను అడిగారు. "సినిమా ఇంకా వారం ఆడుతుందట. రోజూ ఆట మొదలయ్యే ముందు తెర దగ్గర నిలబడి ఆ మోసం గుట్టు విప్పి చెబుతాను. అవతలి చెంగు నువ్వు పట్టుకోవాలమ్మా. నీలాంటి నేతమనిషి పక్కనుంటే ఆడవాళ్లు వింటారు." మా ఆయన నేల చూపులు చూశాడే గానీ కాదనలేదు. నేను భయపడుతూనే సరేనన్నాను.

మొదటి రోజు జనం అదీ సినిమాలో భాగమే అనుకుని ఈలలు వేశారు. "మోసగాడొచ్చాడ్రోయ్!" అని అరిచారు. అంతకు ముందు ఆ డేరాలో అందరినీ నవ్వించిన మనిషి, ఆ గోల అణిగేదాకా ఆగి, చీర మడతలు ఒక్కొక్కటే విప్పుతూ చెప్పారు. మూడో రోజుకు నవ్వులు తగ్గాయి. చివరి రోజు ఆయన చీర ఎత్తారో లేదో, ఆడవాళ్ల వైపు నుంచి ఒకావిడ, "ముందు ఆ లోపలి మడతలు చూపించండి!" అని గట్టిగా అంది. ఆయన నా వైపు తిరిగి తల ఊపారు. ఆ వారంలో ఆయన మొహాన నవ్వు చూసింది అప్పుడే.

ఆ తర్వాత ఆయన కొట్లోనూ అందరూ విప్పి చూడటం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ఆయన దగ్గరే కొంటున్న ఒకావిడ చీరను వెలుగులో పెట్టి, అంగుళం అంగుళం తడిమి చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఆమె వెళ్లగానే అడిగేశాను.

"మీకు బాధగా లేదా బాబాయిగారూ?"

"ఎందుకుండదమ్మా? చాలా బాధగా ఉంది" అన్నారు, ఆ చీరను మళ్లీ మడతపెడుతూ. "అయినా చూసుకోనీ."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మేము విజయవాడలో కొట్టు పెట్టుకున్నాం. ఇప్పటికీ పొద్దుటిపూట నేనే కూర్చుంటాను. పాత బేరాలవాళ్లు వచ్చి, "మీ మీద నమ్మకమండీ, విప్పక్కర్లేదు" అంటారు. ఆ మాట వింటే సంతోషంగానే ఉంటుంది, అబద్ధమెందుకు. పైగా చీర మళ్లీ మడతపెట్టాలంటే నడుం సహకరించదు. అయినా లేచి, చీర మొత్తం విప్పి, రెండో చెంగు వాళ్ల చేతికిస్తాను.