గొల్లపల్లిలో నాకు దొరికిన ఒకే ఒక్క బాధితుడు

చదువుకున్నవాడి కొంప చదువే ముంచుతుందంటే మీరు నమ్మరు. నా కొంప అలాగే మునిగింది, అదీ నా చేతులతోనే. వినండి, నవ్వండి, నేనేమీ అనుకోను.

అవి బస్తర్ సంస్థానం రోజులు. కోంటాలో మా నాన్నకు దుకాణం. నేను మాత్రం డాక్టరేటు చేస్తానని ఎగిరాను. కరువు కాటకాలను జనం ఎలా తట్టుకుంటారన్నది నా పరిశోధన. దూరాన ఉన్న విశ్వవిద్యాలయం భృతి ఇస్తోంది. ఎండలు ముదిరేలోగా నివేదిక పంపకపోతే అది ఆగుతుంది, ఆగితే నాన్న పక్కన దుకాణంలో కూర్చోవాల్సిందే.

అందుకని గొల్లపల్లి వెళ్లాను. హుందాగా ఉంటుందని ఖాకీ నిక్కరు, టోపీ, చేతిలో నోటు పుస్తకం. ఆ వేషంలో ఆ ఊరికి వచ్చేవాడు అడవి శాఖ జవానొక్కడే, వచ్చేది వెట్టికి పేర్లు రాసుకోవడానికే. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన నాకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. ఆ పూట బుర్రకు తట్టలేదు, అంతే.

మొదటి ఇంటాయన కాలికి ఇంత లావు కట్టు. ఏమైందంటే, పుట్టినప్పటి నుంచీ ఉందన్నాడు. కట్టేనా అంటే అవునన్నాడు. రెండో ఇంటికి కప్పు సగం లేదు. గాలి ఆడాలని తీశారట. కరువొచ్చిన ఏడు ఏం తిన్నారని ఒక ముసలమ్మను అడిగాను.

"మస్తుగ తిన్నం. నీకెందుకు?" అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా గొల్లపల్లి కష్టం చెప్పదు, అన్నమూ పెట్టదు. వీళ్లంతా కూడబలుక్కున్నారని నా అనుమానం. నా వెనక జవాన్లు వస్తున్నారని వాళ్ల అనుమానం. ఇలా మూడు రోజులు గడిచాయి.

చివరికి ఊరి పటేలు నన్ను వడ్డె ముందు కూర్చోబెట్టాడు. గింజలు చూసి మనిషికి పట్టిన పీడ చెప్పేవాడు వడ్డె. చేటలో బియ్యం తిప్పి నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు జవానువి కాదు. నీకే ఏందో కష్టమొచ్చింది. చెప్పు."

కడుపు కాలుతోందేమో, కరిగిపోయాను. భృతి సంగతి, కోంటాలో దుకాణం, నాన్న తిట్లు, అన్నీ వెళ్లగక్కాను. ఊరంతా నోరెళ్లబెట్టి వింది. పటేలు తల పట్టుకున్నాడు.

"తిండికి లోటు లేని ఇంట్ల పుట్టి, పరాయోళ్ల కష్టాల కోసం ఊరూరు తిరుగుతున్నవా? ఇంతకన్న కష్టమేముంటది, చిన్న సావుకారీ?"

ఇంటికో గుప్పెడు గింజలు పోగుచేసి జావ కాచి పోశారు. సిగ్గు విడిచి తాగాను. మరి మీ కష్టాలో అంటే, "ముందు నీది తీరనీ" అన్నారు.

నోటు పుస్తకం ఖాళీ. గడువు ముంచుకొస్తోంది. అప్పుడు చేశానండీ ఆ ఘనకార్యం. నా ఏడుపే ఒక గొల్లపల్లి రైతు పేరు పెట్టి నివేదికగా రాసేశాను. మూడు రోజుల పస్తు, తండ్రి ఈసడింపు, రేపటి భయం, ఏదీ వదల్లేదు. తిరిగి చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. ఇక భృతికి ఢోకా లేదనుకుని టపాలో వేశాను.

జవాబొచ్చింది. "మీ నివేదిక చదివి అందరం కంటతడి పెట్టాం. ఇంత దుఃఖంలో ఉన్న మనిషిని ప్రశ్నలతో వేధించడం పాపం. ఆయన జోలికి ఇక వెళ్లకండి. మీ భృతి నేటితో నిలిపివేస్తున్నాం."

మర్నాడే దుకాణంలో తక్కెడ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మళ్లీ నా కష్టం రాయాల్సి వస్తే, చదివేవాళ్లకు జాలి పుట్టనంత చెత్తగా రాస్తాను.